నీళ్ల ట్యూబులో గీతలు

అందరికీ నమస్కారం.

నన్ను ఇక్కడికి పిలిచినవారు, ఆరోగ్య, బయోటెక్నాలజీ శాస్త్రం తీసుకుని హైస్కూల్ చివరి ఏడాదిలోకి అడుగుపెడుతున్న పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. మంచి మాటలు మీకు ఇంట్లో రెండు పూటలా అందుతూనే ఉంటాయి కాబట్టి నేను వాటి జోలికి పోను. మా తరగతిలో చెడిపోయిన ఒక ప్రయోగం గురించి చెబుతాను. ఇన్నేళ్లలో నేను పాఠం చెప్పి నేర్పినదాని కంటే ఆ చెడిపోయిన ప్రయోగం నేర్పినదే ఎక్కువ.

ఆ ఏడాది తరగతిలో ఎనిమిది మంది. ఒక్కొక్కరూ తమ బుగ్గ లోపలి నుంచి కాసిని కణాలు గీరి తీసుకుని, వాటిలోని డీఎన్ఏను, కావలసిన ముక్కకు కోట్ల నకళ్లు తీసే పీసీఆర్ యంత్రంలో పెట్టారు. మనిషి 16వ క్రోమోజోములో ఒకచోట దాదాపు 300 అక్షరాల (డీఎన్ఏ రాతలో ఉండేవి ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలే) ముక్క ఒకటి కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. ఉన్నా లేకపోయినా ఆరోగ్యానికి వచ్చిన లోటేమీ లేదు. అందుకే అది పిల్లల చేత చేయించడానికి అనువైన ప్రయోగం. క్రోమోజోములు మనకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి కదా. రెండింటిలోనూ ఆ ముక్క ఉంటే జెల్ మీద, అంటే డీఎన్ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసే జిగురు పలక మీద, పైన ఒక గీత. రెండింటిలోనూ లేకపోతే కింద ఒక గీత. ఒకదానిలో ఉండి రెండోదానిలో లేకపోతే రెండు గీతలు.

తొమ్మిదో ట్యూబులో డీఎన్ఏ ఏమీ వేయకుండా ఉత్త నీళ్లు పోయించాను. మిగతా సరుకంతా మామూలే. "టీచర్, ఏమీ లేనిదాంట్లో ఏమీ రాదని మనకు ముందే తెలుసు కదా, ఒక ట్యూబు దండగ" అన్నాడు ఒక అబ్బాయి. పోయమన్నాను, పోశాడు.

జెల్‌ను అతినీలలోహిత కాంతి కింద పెట్టి చూస్తే ఎనిమిది మందికీ రెండేసి గీతలు, తళతళలాడుతూ. పిల్లలు చప్పట్లు కొట్టారు. అబద్ధమెందుకు, నేనూ కొట్టాను. ఆ తర్వాత తొమ్మిదో వరుస మీద కన్ను పడింది. అక్కడా రెండు గీతలే.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి వెనక నిలబడ్డ అమ్మాయి ఒకటి అడిగింది: "నీళ్లకు అమ్మా నాన్నా ఎక్కడి నుంచి వచ్చారు టీచర్?"

అందరం నవ్వుకున్నాం కానీ అది అడగవలసిన ప్రశ్నే. ఆ ఒక్క ట్యూబు మిగతా ఎనిమిది ఫలితాలనూ కొట్టిపారేసింది. నీళ్లలో గీతలు వచ్చాయంటే, పిల్లల ట్యూబుల్లో కనబడుతున్నవి ఎవరి గీతలో చెప్పలేం. ఎనిమిది మందిదీ అచ్చుగుద్దినట్టు ఒకటే కావడం మీద మాకు అప్పుడే అనుమానం రావలసింది. సంతోషంలో ఉన్నవాడికి అనుమానం రాదు. అందుకే ఆ పనిని నీళ్ల ట్యూబుకు అప్పగిస్తాం.

ఇంతకీ ఏం జరిగింది? అది అర్థం కావాలంటే పీసీఆర్ లెక్క తెలియాలి. యంత్రం ట్యూబును 95 డిగ్రీల దాకా వేడి చేస్తుంది, డీఎన్ఏ రెండు పోగులూ విడిపోతాయి. తర్వాత 55 డిగ్రీల దరిదాపులకు చల్లబరుస్తుంది, మనకు కావలసిన చోటుకు రెండు పక్కలా ప్రైమర్లు, అంటే నకలు ఎక్కడ మొదలుకావాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు, అంటుకుంటాయి. 72 డిగ్రీలకు పెంచగానే ఎంజైమ్ కొత్త పోగులను అల్లుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. 30 చుట్లు తిరిగేసరికి, అన్ని చుట్లూ సవ్యంగా సాగితే, ఒక్క ముక్క 107 కోట్లు దాటుతుంది. మీలో ఎవరైనా ఇప్పుడు ఫోనులో రెండును ముప్పై సార్లు గుణించి చూసుకోవచ్చు.

ఈ ఆలోచన అమెరికా శాస్త్రవేత్త కారీ మల్లిస్‌కు 1983లో వచ్చింది, పదేళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. మొదట్లో ఒక తలనొప్పి ఉండేది. 95 డిగ్రీల వేడికి ఎంజైమ్ పాడైపోయేది, చుట్టు చుట్టుకూ కొత్తగా పోయవలసి వచ్చేది. ఆ చిక్కు విడదీసినది వేడినీటి ఊటల్లో బతికే థర్మస్ ఆక్వాటికస్ అనే బ్యాక్టీరియాలోని, వేడికి చెడని ఎంజైమ్. ఆ బ్యాక్టీరియాను థామస్ బ్రాక్, హడ్సన్ ఫ్రీజ్ అమెరికాలోని ఎల్లోస్టోన్ ఊటల్లో పట్టుకుని 1969లోనే లోకానికి చెప్పారు. అంత వేడిలో ఏదైనా బతుకుతుందా అన్న కుతూహలం తప్ప, దానితో ఎవరికి ఏం ఉపయోగమో వాళ్లకు అప్పుడు తెలియదు. మీ ఇంట్లో ఎవరైనా "ఇది చదివితే ఏమొస్తుంది" అని అడిగితే ఈ బ్యాక్టీరియా సంగతి చెప్పండి.

మళ్లీ మా ట్యూబు దగ్గరికి వస్తాను. ఒక్క ముక్క కోట్లకు పెరిగే చోట, ఒక తుంపర చాలు. మూడు వారాల పాటు ఒక్కొక్క సీసాను మార్చి మళ్లీ మళ్లీ చేశాం. ప్రైమర్లు బాగానే ఉన్నాయి, ఎంజైమ్ బాగానే ఉంది. చివరికి దొంగ దొరికింది. అందరూ వాడుకునే నీళ్ల సీసాలో ఎవరో తమ డీఎన్ఏలో ముంచిన టిప్పునే, అంటే పిపెట్ చివర తొడిగే ప్లాస్టిక్ మొననే, మళ్లీ ముంచారు. ఎవరో నేను అడగలేదు. వాళ్లకీ తెలిసి ఉండదు. టిప్పు మార్చడానికి పట్టేది రెండు సెకన్లు.

చేతిపని గురించి ఇంకాస్త చెప్పనివ్వండి, పుస్తకాలు దీన్ని ఒక బొమ్మ వేసి వదిలేస్తాయి. చుక్కలో కొంత భాగాన్ని కూడా కొలిచి పీల్చే మైక్రోపిపెట్ బొత్తాన్ని బొటనవేలితో నొక్కితే కొంత దూరం పోయి ఒకచోట ఆగుతుంది. ఇంకా గట్టిగా నొక్కితే ఇంకాస్త లోపలికి పోయి రెండోచోట ఆగుతుంది. ద్రవం పీల్చేటప్పుడు మొదటి ఆపు దాకా నొక్కి, టిప్పు ముంచి, మెల్లగా వదలాలి. బయటకు పోసేటప్పుడు రెండో ఆపు దాకా నొక్కాలి, టిప్పులో చుక్క మిగలకుండా. కొత్తవాళ్లు పీల్చేటప్పుడే రెండో ఆపు దాకా నొక్కేస్తారు. కావలసినదాని కంటే ఎక్కువ వస్తుంది, కళ్లకు తేడా తెలియదు. మైక్రోలీటరు అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు, తెలియకపోవడంలో వింతేముంది? ఆ తేడా తెలుసుకోవలసింది బొటనవేలే. వేలికి అది అలవాటు కావడానికి నాకు ఒక ఏడాది పట్టింది, మీకు నెలలో వస్తుంది.

ఇప్పుడు చదువు సంగతి. చివరి ఏడాది అనగానే అందరికీ బట్టీ గుర్తుకొస్తుంది. నేను బట్టీకి శత్రువును కాను, అమైనో ఆమ్లాల పేర్లు ఎవరైనా ఏదో ఒక రోజు కూర్చుని నోటికి పట్టవలసిందే. కానీ ఈ సబ్జెక్టులో బట్టీ పట్టిన వాక్యం వినడానికి బాగుండి తప్పై కూర్చుంటుంది. నేను దిద్దిన జవాబు పత్రాల్లో ఏటా కనబడే తప్పులే చెబుతాను.

డీఎన్ఏను కత్తిరించే రిస్ట్రిక్షన్ ఎంజైములు అక్షరాల వరుసను ఎటు చదివినా ఒకేలా ఉండే చోట కోస్తాయని పాఠంలో ఉంటుంది. పిల్లలకు వెంటనే "వికటకవి" గుర్తుకొస్తుంది. గుర్తుకు రావడం మంచిదే, కానీ అక్కడే పడతారు. వికటకవి ఒకే వరుస, కుడి నుంచి చదివినా అదే. డీఎన్ఏలో అలా కాదు. ఈకో ఆర్ వన్ అనే ఎంజైమ్ గుర్తుపట్టే వరుస జీ-ఏ-ఏ-టీ-టీ-సీ. దీన్నే వెనక నుంచి చదవండి: సీ-టీ-టీ-ఏ-ఏ-జీ. ఒకటి కాలేదు కదా? ఇప్పుడు ఎదుటి పోగు రాయండి. జీకి సీ, ఏకి టీ, అలా. ఆ ఎదుటి పోగును దాని దిశలో, అంటే చివరి నుంచి మొదటికి, చదివితే మళ్లీ జీ-ఏ-ఏ-టీ-టీ-సీ వస్తుంది. వికటకవిని అద్దంలో చూస్తున్నాం, ఇక్కడ ఇద్దరు కవులు ఎదురెదురుగా కూర్చుని ఒకే పద్యం చదువుతున్నారు. ఈ తేడా కాగితం మీద ఒక్కసారి వేసి చూసుకున్నవాళ్లు ఇక జన్మలో మరచిపోరు. ఎంజైమ్ జీకి, ఏకి మధ్య కోస్తుంది. రెండు పోగులనూ ఎదురెదురుగా కాక అటూ ఇటూ కోయడం వల్ల చివర్లు వేలాడతాయి, అవే మరో ముక్కకు అతుక్కుంటాయి.

ఇంకొకటి ఇన్సులిన్. "మనిషి జన్యువును కోసి బ్యాక్టీరియాలో పెడితే ఇన్సులిన్ తయారవుతుంది" అని రాస్తారు. అంత తేలిక కాదు. మన ఇన్సులిన్ జన్యువు మధ్యలో అర్థం లేని భాగాలు రెండు ఉంటాయి. మన కణాలు వాటిని కత్తిరించి పారేసి మిగతాది కలుపుకుంటాయి. బ్యాక్టీరియాకు ఆ విద్య రాదు. అందుకని 1978లో ఆ పని సాధించినవాళ్లు జన్యువును మనిషి నుంచి తీసుకోనే లేదు. ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలు, 21 ఒక గొలుసులో, 30 మరో గొలుసులో ఉంటాయి. ఏ గొలుసుకు ఏ అక్షరాలు కావాలో లెక్కవేసి, వాటిని రసాయనికంగా తయారు చేసి, ఒక్కో గొలుసును వేర్వేరు బ్యాక్టీరియాలో పండించి, తర్వాత రెండింటినీ కలిపారు. 1982లో అది మందుగా అనుమతి పొందింది.

ఇన్సులిన్ కథలో మొదటి సూది మందు కూడా చెడిపోయిన ప్రయోగమే, చాలామందికి తెలియదు. 1922 జనవరి 11న టొరంటోలో లియొనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి ఇచ్చారు. పెద్దగా పని చేయలేదు, పైగా ఒంటికి పడలేదు. మందును మళ్లీ శుద్ధి చేసి 12 రోజుల తర్వాత ఇచ్చారు, అప్పుడు చక్కెర దిగింది. ఆ 12 రోజుల గురించి నేను తరచు ఆలోచిస్తుంటాను.

డీఎన్ఏను కోరిన చోట కోసే క్రిస్పర్ అనే పద్ధతి వచ్చాక పుట్టిన తప్పు మరొకటి ఉంది. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ వ్యాధి హీమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారడం వల్ల వస్తుంది, జీ-ఏ-జీ ఉండవలసిన చోట జీ-టీ-జీ. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా దీనికి మొదటి క్రిస్పర్ చికిత్సను అనుమతించాయి. "ఆ చికిత్స తప్పు అక్షరాన్ని సరిచేస్తుంది" అని పిల్లలు రాస్తారు. సరిచేయదు. ఆ అక్షరాన్ని అలాగే వదిలేస్తుంది. గర్భంలో ఉన్నప్పుడు మనకు వేరే రకం హీమోగ్లోబిన్ ఉంటుంది, పుట్టాక అది క్రమంగా ఆగిపోతుంది. ఆపే ఏర్పాటును ఆ చికిత్స దెబ్బతీస్తుంది, పాత హీమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. ముందు తలుపు తాళం విరిగితే దొడ్డి తలుపు తీసినట్టు. ఈ తేడా తెలిసి రాసిన జవాబు దిద్దుతుంటే నాకు ప్రాణం లేచివస్తుంది.

సబ్జెక్టు పేరులో "ఆరోగ్యం" అని మొదటి మాటే ఉంది, చాలామంది దాన్ని తేలిక భాగం అనుకుని పరీక్ష ముందు రాత్రికి వదిలేస్తారు. నా మటుకు నాకు అన్నిటికంటే కష్టమైన పాఠం అక్కడే ఉంది. అందరూ ఒక్క నిమిషం నాతో లెక్క చేయండి.

ఒక జబ్బు వెయ్యి మందిలో ఒకరికి ఉంది. దానికి ఒక రక్త పరీక్ష ఉంది. జబ్బున్న నూరు మందిలో 99 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేని నూరు మందిలో 99 మందిని సరిగ్గా లేదనే చెబుతుంది. ఏ లక్షణాలూ లేని ఒక మనిషికి ఈ పరీక్ష చేస్తే జబ్బు ఉందని వచ్చింది. అతనికి నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత?

నూటికి 99 అని చాలా గొంతులు వినబడ్డాయి. నేనూ మీ వయసులో అదే అన్నాను.

లక్ష మందికి పరీక్ష చేశామనుకోండి. జబ్బున్నవాళ్లు 100 మంది. వాళ్లలో 99 మంది దొరుకుతారు. జబ్బు లేనివాళ్లు 99,900 మంది. వాళ్లలో నూటికి ఒకరి చొప్పున 999 మందికి ఉందని తప్పుగా వస్తుంది. మొత్తం "ఉంది" అని వచ్చినవాళ్లు 1,098 మంది. అందులో నిజమైన రోగులు 99. అంటే నూటికి 9 మంది. ఆ మనిషికి జబ్బు లేకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది!

పరీక్ష చెడ్డదా? కాదు. అదే పరీక్షను లక్షణాలున్నవాళ్లకు చేద్దాం, అలాంటి వెయ్యి మందిలో 300 మందికి నిజంగానే జబ్బు ఉందనుకుందాం. 297 మంది దొరుకుతారు, మిగతా 700 మందిలో ఏడుగురికే తప్పుగా వస్తుంది. ఇప్పుడు "ఉంది" అన్న మాట నూటికి 97 సార్లకు పైగా నిజం. పరీక్ష మారలేదు, ఎవరికి చేశామన్నది మారింది. జబ్బున్నవాళ్లను పట్టుకునే శక్తికి సున్నితత్వం, లేనివాళ్లను లేదని చెప్పే శక్తికి నిర్దిష్టత అని పుస్తకంలో నిర్వచనాలు ఉంటాయి. వాటిని ఈ లెక్కతో కలిపి చదివితే, రేపు మీ ఇంట్లో ఒక నివేదిక చూసి అందరూ బెంబేలెత్తినప్పుడు మీరు డాక్టరును అడగవలసిన ప్రశ్న మీకు తెలుస్తుంది. జీవశాస్త్రంలో లెక్కలు ఉండవని ఇటు వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, క్షమించాలి, ఎవరో మిమ్మల్ని మోసం చేశారు.

చెడిపోయిన ఫలితాల గురించే మాట్లాడుతున్నాను కాబట్టి మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రస్తావన లేకుండా ముగించలేను. 1940లలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి మందులు ఇచ్చి చూశాడు. మేలు జరగకపోగా జబ్బు ముదురుతున్నట్టు కనబడింది. అక్కడితో ఆగిపోవచ్చు. ఫార్బర్ తిరగేసి ఆలోచించాడు: ఇది ఇస్తే పెరుగుతోందంటే, ఇది అందకుండా చేస్తే? ఫోలిక్ ఆమ్లంలాగే ఉండి కణాన్ని బోల్తా కొట్టించే అణువులను సుబ్బారావు గారి బృందం తయారు చేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. కొంతకాలమే, ఆ మాట దాచకూడదు. కానీ అదే దారిలో వచ్చిన మెథోట్రెక్సేట్ అనే మందును ఇప్పటికీ వాడుతున్నారు.

బుగ్గ కణాల ప్రయోగం దగ్గర ఒక మాట మిగిలిపోయింది. మరో ఏడాది ఒక అమ్మాయి తన కణాలు ఇవ్వనంది. కారణం చెప్పలేదు, నేను అడగలేదు, ముందే సిద్ధంగా ఉన్న నమూనా ఇచ్చి చేయించాను. 1951లో హెన్రియెటా లాక్స్ అనే రోగి నుంచి అనుమతి అడగకుండా తీసిన కణాలు ఇవాళ్టికీ ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి, ఆ సంగతి ఆమె కుటుంబానికి తెలియడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఈ పాఠం చెప్పి, మరునాడు తరగతిలో ఒక పిల్ల "వద్దు" అంటే ముఖం చిట్లిస్తే ఎలా? అలాగే "ఇంట్లో అమ్మావీ నాన్నవీ కూడా పరీక్షించి చూద్దాం" అని ఉత్సాహపడే పిల్లలు ఏటా ఉంటారు. నేను ఒప్పుకోను. పిల్లల గీతలు అమ్మానాన్నల గీతలతో పొసగకపోతే, అది చేతి పొరపాటో మరొకటో తేల్చకముందే ఒక ఇంట్లో చిచ్చు రేగుతుంది.

తల్లిదండ్రులకు ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఈ సబ్జెక్టు డాక్టరు సీటుకు మెట్టు మాత్రమే అనుకోకండి. పరీక్ష చేసేవాళ్లు, యంత్రాలు చూసేవాళ్లు, జబ్బు ఏ దారిన వ్యాపిస్తోందో లెక్క తీసేవాళ్లు లేకపోతే డాక్టరు చేతిలో స్టెతస్కోప్ తప్ప ఏమీ ఉండదు. మీ పిల్లలు ఏమవుతారో వాళ్లను ఈ ఏడాది కాస్త తేల్చుకోనివ్వండి.

మా ఎనిమిది మందికి మార్కులు ఎలా వేశానని ముందు వరుసలో ఎవరో అడుగుతున్నారు. నీళ్లలో గీతలు వచ్చాయి కాబట్టి తన ఫలితాన్ని తానే నమ్మడం లేదని రాసి, తప్పు ఎక్కడ జరిగి ఉండవచ్చో మూడు చోట్లు ఊహించినవాళ్లకు పూర్తి మార్కులు. తొమ్మిదో వరుసను కత్తిరించేసి ఫొటో అంటించిన ఇద్దరున్నారు, వాళ్లను మళ్లీ చేయమన్నాను. ట్యూబు దండగన్న అబ్బాయి ఫొటో మొత్తం అంటించి, తొమ్మిదో వరుస చుట్టూ ఎర్ర సున్నా చుట్టాడు.

ఇక చాలు, చాలాసేపు కూర్చోబెట్టాను. వెనక బల్ల మీద నాలుగు పిపెట్లు, ఒక పెట్టె నిండా టిప్పులు, రంగు నీళ్లు, మామూలు నీళ్లు పెట్టించాను. వరుసగా వచ్చి పట్టుకుని చూడండి. మొదటి ఆపు దాకానే నొక్కండి. ప్రతిసారీ టిప్పు మార్చండి. చివర ఒక ట్యూబు విడిగా ఉంటుంది, అందులో మామూలు నీళ్లు తప్ప ఏమీ పోయకండి. అందరూ అయ్యాక దానికి రంగు పట్టిందో లేదో చూద్దాం.